దూలం కింద తునికాకు

1986 జూన్‌లో నన్ను ఖమ్మం జిల్లా అడవుల్లో ఉన్న ఒక పాత రాతి గుడికి మాన్యుమెంట్ అటెండెంటుగా వేశారు. పురావస్తు శాఖలో అంతకంటే కింద ఉద్యోగం లేదు. పొద్దున తాళం తీయడం, ఊడ్వడం, గోడల సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకడం, వచ్చినవాళ్లు స్తంభాల మీద పేర్లు చెక్కకుండా చూడడం, సాయంత్రం తాళం వేయడం నా విధులు. నా పైన కన్జర్వేషన్ అసిస్టెంటు ఉండేవారు. ఆయన్ని అందరం సి.ఏ. గారు అనేవాళ్లం. మరమ్మతు ఏదైనా ఆయన చేతిమీదుగానే జరగాలి. నేను ఒక రాయిని జానెడు జరపాలన్నా ఆయన కాగితం ఉండాలి. ఆయన పైన అసిస్టెంట్ డైరెక్టరు. అంతకు పైవాళ్లను నా ఉద్యోగం మొత్తంలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వీపులే.

ఊరి పేరు రాయను. జూలూరుపాడు దాటాక కొత్తగూడెం రోడ్డు దిగి, టేకులపల్లి దిక్కు బండిబాట పట్టి అడవిలోకి పోతే వస్తుందని మాత్రం చెబుతాను. పేరు రాస్తే వచ్చే ఆదివారానికే ఎవరో కారేసుకొని పోయి, వండుకొని తిని, ఇస్తరాకులు మంటపంలో పారేసి వస్తారు. ఇట్లాంటివి ముప్పై ఏళ్లు ఎత్తిపోసినవాణ్ని.

గుడి కాకతీయుల కాలంది. గర్భగుడి ఖాళీ. దేవుణ్ని ఎవరు, ఎప్పుడు ఎత్తుకుపోయారో తెలియదు. ముందు పదహారు స్తంభాల మంటపం. స్తంభాల మీద రాతి దూలాలు, దూలాల మీద రాతి పలకలు, వాటి పైన ఇటుక, సున్నం కలిపి మూరెడు మందాన వేసిన కప్పు. గుడికి కూతవేటు దూరంలో ముప్పై ఇళ్ల కోయగూడెం. అక్కడివాళ్లు పోడు వ్యవసాయం చేస్తారు, ఇప్పపువ్వు ఏరుతారు, ఎండాకాలం బీడీలకు తునికాకు కోస్తారు.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. నేను ముదిగొండ దగ్గర పుట్టాను. ఏడో తరగతితో బడి మానిపించారు. శాఖ తవ్వకాల్లో మట్టితట్టలు మోశాను. తర్వాత శాసనాల అచ్చులు తీసే ఒక పండితుడి వెంట బకెట్ పట్టుకొని తిరిగాను. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా పైకి వస్తాయి. ఆయన పారేసిన కాగితాలు ఇంటికి తెచ్చుకొని, ఖమ్మం గ్రంథాలయంలోని పుస్తకాలు ముందు పెట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. మూడేళ్లకు కాకతీయుల లిపి చదవడం వచ్చింది. కాలేజీల్లో చదివి వచ్చిన సార్లు తప్పు చదువుతుంటే నోరు మూసుకొని ఉండటం మాత్రం రాలేదు. అందుకే నన్ను అడవికి వేశారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

గూడెంవాళ్లు నన్ను రాళ్ల సారు అనేవారు. అందులో కొంత వెటకారం ఉందని తెలుసు. ఉన్నా నాకు నచ్చేది.

భద్రాచలం పోయే యాత్రికులను దారిలో ఇట్లాంటి గుళ్ల దగ్గర గంటసేపు ఆపాలని, ఊరివాళ్లకు దాంతో నాలుగు పనులు దొరకాలని, గుడి కూడా చెడకుండా ఉండాలని ఆ రోజుల్లో జిల్లాలో ఒక ఆలోచన మొదలైంది. మంచి ఆలోచనే. వచ్చినవాళ్లకు చూపించి చెప్పే పని నాకు అప్పజెప్పారు. మంటపం లోపల పట్టపగలు కూడా చీకటి. బయట ఎండలో ఒక పెద్ద అద్దం పట్టుకొని వెలుగును లోపలికి కొడితే శిల్పం మీద పడుతుంది. అద్దాన్ని కొంచెం పక్కకు వంచితే నీడలు లేచి బొమ్మ ఊపిరి పోసుకున్నట్టు కనిపిస్తుంది. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. మా ఆవిడ అద్దం తెచ్చి నేనే నేర్చుకున్నాను.

అయితే మంటపంలో అన్నిటికంటే మంచి శిల్పం, వాద్యకారుల వరస, నైరుతి మూల దూలం మీద ఉంది. దానికి అడ్డంగా ఒక రాళ్ల దిమ్మె. మలచని రాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి దూలం దాకా లేపారు. చివరన దూలానికీ రాళ్లకూ మధ్య ఒక నల్లటి చెక్క దూర్చి ఉంది. దిమ్మెకు పసుపు, కుంకుమ.

1987 ఎండాకాలం, విత్తనాల పండుగకు ముందు, గూడెం పెద్ద జోగయ్య పదిమందిని వెంటబెట్టుకొని వచ్చాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. చెక్క సుత్తితో దూలాన్ని మూడుసార్లు తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. చెక్కకూ దూలానికీ మధ్య కిందటేడు పెట్టిన తునికాకును పట్టి లాగాడు. ఆకు బయటికి వచ్చింది. సుత్తితో చెక్కను రెండు దెబ్బలు లోపలికి కొట్టి, కొత్త ఆకు పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను: 'స్థానికుల వార్షిక పూజ. ఆకు సమర్పణ.'

ఆ ఆగస్టులో సి.ఏ. గారికి ఒక నోట్ పంపాను. నా చేతిరాతే. దిమ్మె అనంతర కాలపు నిర్మాణమని, మూల కట్టడంలో భాగం కాదని, సందర్శకులకు ముఖ్యమైన శిల్పాన్ని కప్పేస్తోందని, తీసివేయదగినదని రాశాను. మా శాఖలో 'అనంతర కాలపు నిర్మాణం' అనే మాటకు చాలా బలం ఉంది. ఆ మాట పడితే తీసేయడానికి ఎస్టిమేటు అక్కర్లేదు, తనిఖీ నోట్ చాలు. సి.ఏ. గారు సంతోషంగా సంతకం పెట్టారు. నవంబరులో నలుగురు కూలీలతో ఒక్క పూటలో తీసేశాను.

జోగయ్య వచ్చి చూశాడు. "అది మా తాతలు పెట్టింది సారూ. తీయమని ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు. నేను మంటపం ముందున్న రాతి శాసనం చూపించి, గుడి ఎప్పటిదో, దిమ్మె ఎందుకు అప్పటిది కాదో అరగంట చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. "నీకు ఇంత ఎరుకనాయె, ఇగ నేనేం జెప్త" అని వెళ్లిపోయాడు. నా వాదన ఒప్పుకున్నాడనుకున్నాను.

చదునుగా ఉన్న రాళ్లను గేటు నుంచి మంటపం దాకా సందర్శకులు నడిచే బాటగా పరిపించాను. చెక్కముక్కను, సి.ఏ. గారు తనిఖీకి వచ్చిన రోజు, చీల్చి పొయ్యిలో పెట్టి టీ కాచాను. బాగా ఎండిన చెక్క. మంట చక్కగా వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఊడుస్తుంటే నైరుతి మూల నేల మీద చిటికెడు సున్నం పొడి కనిపించింది. మర్నాడు మళ్లీ. నాలుగో రోజు నిచ్చెన వేసుకొని చూశాను. దూలం అడుగు భాగంలో, సరిగ్గా దిమ్మె ఉన్నచోట, వెంట్రుకంత చీలిక. అది ఎప్పటినుంచో ఉన్నదే. అంచులు నల్లబడి ఉన్నాయి. కానీ దాని కొస దగ్గర రాయి తెల్లగా, కొత్తగా ఉంది.

చీలిక కదులుతున్నదా, ఆగి ఉన్నదా తెలుసుకోవడానికి మా శాఖలో ఒక పద్ధతి ఉంది. చీలికకు అడ్డంగా పల్చటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ జిప్సంతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. రాయి కదిలితే గాజు పగులుతుంది. సి.ఏ. గారికి కబురుపెట్టి, సరేనంటే గాజు అతికించాను. మార్చిలో ఒక మంగళవారం గాజు రెండు ముక్కలై కనిపించింది.

ఆ వచ్చే ఆదివారమే మొదటి యాత్రికుల బస్సు. ఆర్డీవో గారు వచ్చి ప్రారంభిస్తారని కాగితం కూడా వచ్చేసింది.

సైకిలెక్కి జూలూరుపాడు పోస్టాఫీసుకు పోయి ఖమ్మానికి ట్రంకాల్ బుక్ చేశాను. రెండు గంటలకు లైను దొరికింది. సి.ఏ. గారు కోస్తా నుంచి వచ్చి ఖమ్మంలో స్థిరపడ్డ కుటుంబంవారు. మాట నెమ్మది.

"గాజు పగిలిందండి," అన్నాను.

"గాజన్నాక పగలదటయ్యా?"

"పగిలితే తెలియాలనే పెట్టామండి."

ఆయన గొంతు తగ్గించి అడిగారు. "దిమ్మె తీయమని సంతకం పెట్టిందెవరు?"

"మీరండి."

"తీయమని రాసిందెవరు?"

"నేనండి."

"మరి ఆదివారం గడిచేదాకా ఇద్దరం నోరు మూసుకుందాం. గుమ్మానికి మామిడాకులు కట్టించు. కాగితం మీద ఏమీ పెట్టకు."

నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. కానీ ఆ కోపంలో సగం ఎవరి మీదో నాకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ తొక్కలేక నడిపించుకుంటూ వచ్చాను.

బుధవారం, గురువారం మంటపంలోనే కూర్చున్నాను. తాళం వేసి పోదామంటే రెండో తాళంచెవి సి.ఏ. గారి దగ్గర ఉంది. టేకు కర్రలు తెచ్చి దూలానికి ఊతంగా పోటు పెడదామంటే అటవీ శాఖ పర్మిట్ లేకుండా పుల్ల విరవకూడదు. పర్మిట్‌కు సి.ఏ. గారి ఉత్తరం కావాలి. ఎవరూ లోపలికి రాకపోయినా ఆ దూలం పడితే దాని మీది పలకలు పడతాయి, పలకలతో కప్పు, కప్పుతో పక్క దూలం. గాజు ముక్కల మధ్య ఎడం కొలవడానికి ఒక పోస్టుకార్డు అంచును పెట్టి చూసేవాణ్ని. గురువారం పొద్దున దూరలేదు. సాయంత్రం దూరింది. బస్సులో ఎంతమంది దిగుతారు, నేను ఏ మూలన నిలబెడతాను, దూలం కింద ఒకేసారి ఎంతమంది పడతారు, ఇదే లెక్క కళ్ల ముందు తిరిగేది.

శుక్రవారం పొద్దున గూడేనికి పోయాను.

జోగయ్య ఇంటి ముందు ఆయన భార్య బుచ్చమ్మ ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"రాళ్ల సారొచ్చిండు. ఏంది సారూ, ఇయ్యాల మా ఇల్లు చదువుతవా? ఇది గూడ తర్వాత కట్టిందే. తీయమని రాస్తవేమో, జర చెప్పి రాయి, గిన్నెలు బయట పెట్టుకుంట."

"ఊకోయే," అన్నాడు జోగయ్య అరుగు మీది నుంచి.

"పెద్దయ్యా, తప్పు జేసిన. దూలం పగులుతున్నది," అన్నాను.

"ఎరుకే. గబ్బిలాలు ఆ మూల ఇడిచి నెల దాటింది."

"మరి నాకు చెప్పకపోతివి?"

"నువ్వడిగినవా? ఏటేటా ఆకు ఎందుకు పెడుతున్నరని ఒక్కపాలి అడిగినవా? పూజ అని రాసుకుంటివి. రాసుకున్నోనికి ఏం జెప్పాలె?"

అప్పుడు చెప్పాడు. వాళ్ల తాతల నాడే దూలం చీలింది. వాళ్లే దిమ్మె పేర్చారు. ఎండకు, వానకు చెక్క ఎండుతుంది, ఉబ్బుతుంది, రాళ్లు సర్దుకుంటాయి. అందుకని ఏటా వచ్చి చూస్తారు. ఆకు లాగితే వస్తే చెక్క వదులైందని అర్థం, రెండు దెబ్బలు వేసి బిగించాలి. ఆకు రాకపోతే చెక్క బరువు మోస్తోందని అర్థం, ముట్టుకోకుండా దండం పెట్టి పోవాలి. మా శాఖ గాజుతో చేసే పనిని వాళ్లు ఆకుతో చేస్తున్నారు. గాజు ఒక్కసారే చెబుతుంది. ఆకు ఏటా చెబుతుంది.

"చెక్క ఏది?" అన్నాడు.

"కాల్చిన."

"ఎందుకు?"

"టీ కాచిన."

బుచ్చమ్మ కోయ భాషలో ఏదో అంది. పక్కింటివాళ్లు కూడా పగలబడి నవ్వారు. ఆ మాటకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు, అడగలేదు. జోగయ్య మాత్రం నవ్వలేదు.

"మంచిగుండెనా చాయ?" అన్నాడు.

తర్వాత అరుగు దిగి వచ్చాడు. "మేం మల్ల కడతం. కట్టినంక మీరు మల్ల తీస్తరా?"

"నా చేతులతోని తీయ. వేరేటోళ్ల సంగతి నేను చెప్పలేను."

"గంతే చెప్పు. ఇంకో మాట ఎక్కువ చెప్తే నమ్మకపోదును."

శనివారం మధ్యాహ్నం ఆరుగురిని తీసుకొని వచ్చాడు. అనుమతి లేకుండా రక్షిత కట్టడంలో పని చేయించడం ఎంత నేరమో నాకు బాగా తెలుసు. సస్పెన్షన్‌తో మొదలవుతుంది. జోగయ్య ముందు దూలాన్ని సుత్తితో తట్టాడు, చెవి పెట్టాడు, మళ్లీ ఒక జానెడు పక్కన తట్టాడు. కాల్చిన కుండను వేలితో కొట్టి చూసే కుమ్మరిలా. "లోపల మాట్లాడుతున్నది," అన్నాడు.

రాళ్లన్నీ బాటలో ఉన్నాయి. యాత్రికుల కోసం నేను ముచ్చటగా పరిపించిన బాటను గడ్డపారలతో లేపారు. జోగయ్య ఒక్కో రాయిని తిప్పి చూసి, ఇది అడుగుది, ఇది నడుముది అని వేరుచేశాడు. వాటికి గుర్తులేమీ లేవు. ఏ ముఖం మీద ఏ ముఖం కూర్చుంటుందో ఆయన చేతులకు తెలుసు. చెక్క కోసం ఇంటి నుంచి పాత నాగలి దుంప తెచ్చి గొడ్డలితో చెక్కించాడు. అది తుమ్మ కర్ర.

దూలం కింద ఇద్దరికి మించి ఉండకూడదన్నాడు. ఒకరు తాను. "నేను ముసలోణ్ని, నాకేం," అన్నాడు. రెండోవాడిగా ఒక పడుచువాడు ముందుకొస్తే నేను ఆపాను. తీసింది నేను. నేనే పోయాను.

మిగతావాళ్లు బయట నుంచి రాయి అందిస్తే మేమిద్దరం పేర్చాం. నాలుగో వరస దగ్గర పైనుంచి సున్నం పొడి నా మెడ మీద పడింది. కదలకుండా నిలబడ్డాను. జోగయ్య నోటి మీద వేలు పెట్టాడు. అడవిలో ఎక్కడో గువ్వ కూస్తోంది. మంటపం మొత్తంలో అది తప్ప చప్పుడు లేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. "ఊఁ, అందియ్యి," అన్నాడు చివరకు. నా పంచె తడిసింది చెమటకేనా అని నాకే అనుమానం వచ్చింది.

చెక్క దూర్చాక నేను సుత్తి గట్టిగా కొట్టబోతే చేయి పట్టుకున్నాడు. "దూలాన్ని లేపుతవా ఏంది? ఎత్తొద్దు. అది అలిసిపోయినప్పుడు ఆనుకోటానికి జాగ ఇయ్యాలె, గంతే." నిరుడు కోసి దాచిన తునికాకు ఒకటి నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి తీసి పైన పెట్టాడు. వేలితో లాగితే సులువుగా జారింది. మళ్లీ లోపలికి తోశాడు.

ఆ సాయంత్రం అకాల వాన కురిసింది. పెద్ద వానే. పాత సున్నపు కప్పు నీళ్లు తాగితే ఎంత బరువెక్కుతుందో నాకు తెలుసు. గేటు దగ్గరి నా గది రేకుల మీద ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

తెల్లారగానే జోగయ్య, నేను ఒకేసారి మంటపం మెట్ల దగ్గర కలిశాం. కప్పు నిలిచే ఉంది. ఆకు కొస పట్టి లాగాడు. రాలేదు. నన్ను లాగమన్నాడు. గోరుతో గుంజాను. కదల్లేదు. దూలం దిగి వచ్చి చెక్క మీద కూర్చుంది.

"ఆనుకున్నది," అన్నాడు. "గానీ ఇంకా కుదురుకోలే. ఇయ్యాల లోపలికి ఎవ్వల్నీ రానియ్యకు."

తొమ్మిదింటికి సి.ఏ. గారి జీపు వచ్చింది. బాట లేదు, బురద ఉంది. రెండడుగులు వేసేసరికి ఆయన చెప్పు బురదలో ఇరుక్కుంది. అది పీక్కుంటూ తలెత్తి మంటపంలోకి చూశారు.

"ఏమయ్యా నర్సయ్యా! నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా? ఎవరు కట్టమన్నారు దీన్ని? ఆర్డీవో గారు గంటలో వస్తారు. తీయించు."

"నేను తీయనండి."

"నువ్వు తీయకపోతే నేనే తీయిస్తా. కూలీల్ని పిలు."

"పిలుస్తానండి. మీరు పక్కన నిలబడి ఏ రాయి ముందు తీయాలో చూపించండి. దూలం కింద నిలబడాలి."

ఆయన మెట్ల మీదికి వచ్చారు. గాజు ముక్కల మధ్య చీలిక ఇప్పుడు కింద నిలబడ్డా కనిపిస్తోంది. ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. పిరికివాడని అనను. ఆయన కూడా చూస్తూ చూస్తూ ఇరుక్కుపోయిన మనిషే. కానీ ఆ రోజు అంత దయ నాకు లేదు.

ఆర్డీవో గారి కారు, యాత్రికుల బస్సు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆర్డీవో గారు వయసులో చిన్నవారు. బురదను చూసి ప్యాంటు మడుచుకొని నేరుగా వచ్చారు. దిమ్మెను చూసి ఇదేమిటని అడిగారు. సి.ఏ. గారు నోరు తెరిచారు. ఆయన కంటే ముందు నేను మొత్తం చెప్పాను. నోట్ రాసింది నేనే అని, తీసింది నేనే అని, చెక్క కాల్చింది నేనే అని, నిన్న అనుమతి లేకుండా మళ్లీ కట్టించిందీ నేనే అని. అన్నీ ఒకే ఊపిరిలో చెప్పినట్టున్నాను, ఆయన సగంలో "మెల్లగా" అన్నారు.

"ఇది ఇప్పుడు బరువు మోస్తోందని ఏమిటి నమ్మకం?" అని అడిగారు.

జోగయ్య చెయ్యి చాపి చూపించాడు. "ఆకు గుంజండి సారూ. నిన్న మాపటికి వచ్చింది."

ఆర్డీవో గారు నిచ్చెన ఎక్కి ఆకు లాగారు. గట్టిగా లాగారు. ఆకు చిరిగి సగం ఆయన చేతిలోకి వచ్చింది, సగం చెక్కకూ దూలానికీ మధ్య ఉండిపోయింది. ఆయన చేతిలోని ముక్కను చూశారు. తర్వాత బస్సు వైపు చూశారు. చంకలో పిల్లలతో ఆడవాళ్లు దిగుతున్నారు. నిచ్చెన దిగి, మంటపం బయటికి వచ్చి నిలబడ్డాక గానీ మాట్లాడలేదు.

"ఎవర్నీ లోపలికి పంపొద్దు."

"నేను కూడా అదే చెబుతున్నాను సార్," అన్నారు సి.ఏ. గారు.

ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోదలచుకోలేదు.

యాత్రికులను మంటపం బయట చాపల మీద కూర్చోబెట్టాం. మధిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గొడవ పెట్టుకుంది. "ఇంత దూరం తీసుకొచ్చి వాకిట్లో కూర్చోబెడతారేందయ్యా? మేమేమన్నా పిలవని పేరంటానికి వచ్చామా?" నేను అద్దం పట్టుకొని వాద్యకారుల వరస మీదికి వెలుగు కొట్టాను. దిమ్మె అడ్డం ఉన్నంత మేర చీకటిగానే ఉండిపోయింది. మిగతా శిల్పం కనిపించింది. శాసనం చదివాను, అర్థం చెప్పాను. మర్యాదగా విన్నారు. తర్వాత ఆ పెద్దావిడే అడిగింది, ఆ అడ్డంగా ఉన్న రాళ్లేమిటని. జోగయ్యను చెప్పమన్నాను. ఆయన ఇంకో ఆకు తీసి, రెండు రాళ్ల మధ్య పెట్టి, ఎట్లా చూస్తారో చేసి చూపించాడు. ఆ ఆకు చేతులు మారుతూ వరసల చివరిదాకా పోయింది. ఒక్కొక్కరూ లాగి చూశారు. అరగంట ప్రశ్నలు అడిగారు. శాసనం గురించి ఒక్కరూ అడగలేదు. నాకు కొంచెం గుచ్చుకుంది, దాచడమెందుకు.

తర్వాతి నెలలో నాకు మెమో వచ్చింది. రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా మార్పు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. దిమ్మెను తీసినందుకు ఎవరికీ మెమో రాలేదు. దానికి నోట్ ఉంది, సంతకం ఉంది. ఇంజనీరు వచ్చి చూశారు. కప్పు మీది సున్నాన్ని తేలిక చేయించారు, పక్కన ఇనుప పోట్లు పెట్టించారు. దిమ్మెను మాత్రం కదిలించవద్దని రాశారు. ఆయన రిపోర్టులో 'శాఖ సకాలంలో తాత్కాలిక ఆధారం కల్పించింది' అని ఉంది. జోగయ్య పేరు లేదు, గూడెం పేరు లేదు. సందర్శకుల కోసం పెట్టే బోర్డుకు రాతప్రతి నన్నే రాయమన్నారు. ఆకు సంగతి రాసి పంపాను. బోర్డు తయారై వచ్చేసరికి ఆ మూడు వాక్యాలు లేవు. శాస్త్రీయం కాదని కొట్టేశారట. నేను అక్కడ ఉన్న మరో ఆరేళ్లు బోర్డు పక్కన నిలబడి ఆ మూడు వాక్యాలూ నోటితో చెప్పాను. గూడెంవాళ్లలో ఇద్దరు నాతోపాటు సందర్శకులకు చూపించే పని నేర్చుకున్నారు. వాళ్లు నాకంటే బాగా చెప్పేవారు.

ఆ తర్వాత నన్ను ఇంకో మూడు చోట్లకు వేశారు. ప్రతిచోటా మొదటి ఏడాది ఏ నోటూ రాయలేదు. కట్టడం దగ్గరికి ఎవరు వస్తున్నారు, ఏ నెలలో వస్తున్నారు, వచ్చి చేతులతో ఏం చేస్తున్నారు అన్నది మాత్రం తేదీలు వేసి రాసుకున్నాను. అర్థం కానిచోట వాళ్లనే అడిగాను. ఏడాది తిరిగాక రెండు చోట్ల తర్వాతి కాలపు కట్టుబడులు తీసేయవచ్చని తేలింది. తీయమని రాశాను. మూడో చోట తీయకూడదని తేలింది. అక్కడ తీయవద్దని, ఎందుకు తీయవద్దో, ఆ సంగతి నాకు ఎవరు చెప్పారో పేర్లతో సహా రాసి, కింద సంతకం పెట్టాను.